నాలుగు బంతులు

"తలుపు వేసి రా" అన్నాడు వోర్లీ.

కోల్బీ గడప దగ్గరే ఆగాడు. ఆ కింది స్థాయి మైనర్ లీగ్ బేస్‌బాల్ జట్టులో మేనేజర్ వోర్లీ తలుపు వేయించి మాట్లాడాడంటే ఎవడికో నూకలు చెల్లినట్టే. జూన్‌లో తోటి ఆటగాడు టొరెన్స్‌నీ ఇలాగే పిలిచాడు. భుజం పోయిందని తేలిన మూడోరోజే వాడు పెట్టె సర్దుకుని బస్సెక్కాడు. వెళ్తున్నవాడికి ఒక మాట చెప్పడానికైనా ఎవరూ లేవలేదు. అంటురోగమేదో అన్నట్టు అందరూ తలలు వంచుకుని బూట్లు తొడుక్కుంటూ కూర్చున్నారు. వాళ్ళలో కోల్బీ కూడా ఉన్నాడు.

ఎడమచేత్తో తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"వయసెంతరా నీకు?"

"ఇరవై తొమ్మిది, సార్."

"కాలేజీలో ఉన్నప్పుడు నిన్ను ఎగరేసుకుపోయారుగా! పేపర్లో ఫొటోలూ, టీవీలో మాటలూ. ఎనిమిదేళ్ళయింది, ఇంకా నా బస్సులోనే తిరుగుతున్నావు. సిగ్గుగా లేదట్రా?"

కోల్బీ తన బూట్లవైపు చూశాడు.

"ఇవాళ్టి నుంచి నా జట్టులో నీకు చోటు లేదు." వోర్లీ కాసేపు గుడ్లురిమి చూసి, ఇక ఆపుకోలేక పకపకా నవ్వాడు. "ఎందుకంటే రేపు నువ్వు మేజర్ లీగ్‌లో, పెద్ద జట్టులో ఉండాలి! అక్కడ బంతి వేసే పిచర్లు ఇద్దరు మంచాన పడ్డారు. గురువారం నువ్వు ఆడిన ఆట పైవాళ్ళు చూశారు. ఆ చివరి బంతి ఉంది చూడూ, తొంభై ఏడు మైళ్ళ వేగం! బ్యాటు పట్టుకున్నవాడు బిక్కచచ్చిపోయాడు. ఇన్నేళ్ళలో నీ చేతి నుంచి అలాంటి బంతి రాలేదు."

కోల్బీకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏడువు, ఏడువు. అందరూ ఏడుస్తారు. చెయ్యి బాగుందిగా?"

"బ్రహ్మాండంగా ఉంది, సార్."

వోర్లీ చెయ్యి చాపాడు. కోల్బీ ఆ చెయ్యి అందుకోకుండా లేచి ఆయన్ని కావలించుకున్నాడు.

కారు కోల్బీ భార్య జోలీన్ నడిపింది. ఐదు గంటల దారి. 

"భయంగా ఉందా?" అంది సగం దారిలో.

"వెయ్యనివ్వకుండానే వెనక్కి పంపిస్తారేమోనని భయం. అలా వెళ్ళొచ్చినవాళ్ళు మా జట్టులోనే ఇద్దరున్నారు."

"ఒక్క బంతి, కోల్బీ. ఒక్కటి వేస్తే చాలు. ఆ తర్వాత నువ్వు మేజర్ లీగ్ వాడివి కాదని ఎవడూ అనలేడు."

మర్నాడు స్టేడియానికి కోల్బీ కాలేజీనాటి కోచ్ ప్రూట్ ఊళ్ళోంచి పాతికమందిని వెంటేసుకుని దిగాడు. అందరి నెత్తినా కాలేజీ పసుపు టోపీలే. జోలీన్ పక్క సీట్లో కూర్చుని ముందు వరుసవాళ్ళకు గొప్పలు మొదలుపెట్టాడు.

"ఆ చెయ్యి నేను చేసిందేనండీ. కాలేజీ ఫైనల్లో ఒక్కడే నూట నలభై బంతులు వేశాడు. అప్పటికి రెండ్రోజుల ముందే ఇంకో ఆటలో నూట పది!"

"అవును కోచ్, గుర్తుంది" అంది జోలీన్. "ఆ వారమంతా అన్నం నేనే తినిపించాను."

ప్రూట్‌కి అది మెచ్చుకోలుగానే వినిపించింది. గర్వంగా తలాడించాడు.

ఆట ముగియవస్తున్న ఎనిమిదో ఇన్నింగ్స్‌కి జట్టు తొమ్మిది పరుగులు వెనకబడింది. ఇక ఎవడు వేసినా పోయేదేముందని కోల్బీని దింపారు. మొదటి బంతి నేలమీద పడి దొర్లుకుంటూ పోయింది. రెండోది డెబ్బై ఎనిమిది మైళ్ళు.

"ఇదేనా మీ కొత్త పిచర్! మా అమ్మమ్మ ఇంతకంటే గట్టిగా వేస్తుంది!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. నవ్వులే నవ్వులు.

"కంగారు పడుతున్నాడు, మొదటిసారి కదా" అన్నాడు ప్రూట్ చెమట తుడుచుకుంటూ. మూడో బంతీ అంతే. జోలీన్ రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని ఉంది.

నాలుగోది కోల్బీ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వేశాడు. వేసి, కేక పెట్టి, మోచెయ్యి పట్టుకుని మోకాళ్ళమీద కూలబడ్డాడు. నవ్విన నోళ్ళన్నీ మూతబడ్డాయి. అతన్ని నడిపించుకుపోతుంటే స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

స్కానింగ్ అయ్యాక డాక్టరు పెదవి విరిచాడు. "మోచేతిలో ఎముకల్ని కలిపే లిగమెంటు పూర్తిగా తెగింది. ఏడాదిన్నర బంతి ముట్టుకోకూడదు. ఇంత తొందరగా ఇంత వాపు రావడం నేనెక్కడా చూళ్ళేదు."

"నా తండ్రీ! ఎనిమిదేళ్ళు ఎదురుచూసి నాలుగు బంతులా!" ప్రూట్ బావురుమన్నాడు. "అందులోనూ ఆ నవ్వులు పడ్డావు కదరా!"

"ఒకందుకు అదృష్టవంతుడే లెండి" అన్నాడు డాక్టరు. "మేజర్ లీగ్ ఆటలో తగిలిన దెబ్బ. ఆపరేషనూ, మందులూ, కోలుకునేదాకా జీతమూ అంతా పెద్ద జట్టుదే. అదే మొన్న కింది జట్టులో ఉండగా తెగి ఉంటే, పెట్టె చేతికిచ్చి ఇంటికి పొమ్మనేవాళ్ళు."

ప్రూట్ కోల్బీ తల నిమురుతూ ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. కోల్బీ సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఆయన ముఖంలోకి చూడలేక గోడవైపు తిరిగాడు. జోలీన్ లేచి, అందరినీ బయటికి పంపి, తలుపు మూసింది.

లిగమెంటు తెగింది గురువారం, ఆ తొంభై ఏడు మైళ్ళ బంతికే.