క్వారీ యజమాని కన్నీళ్లు

క్వారీలో బండ విరిగిపడి కూలీ సన్యాసి చనిపోతే చూడ్డానికైనా రాని యజమాని త్రినాథరావు, మూడోరోజు సంతాపం ఫ్లెక్సీ వేయించడానికి మాత్రం వచ్చాడు. ఫ్లెక్సీ షాపు నూకరత్నం సన్యాసికి చెల్లెలని ఆయనకు తెలియదు.

“నా మొహంలో బాధ చాల్లేదమ్మా. కన్నీళ్లు పెట్టు. ధారగా కారాలి.”

ఫొటోలు కదిలే కాలమది. ఒక ఫొటోను దిద్దితే ఎక్కడెక్కడో ఉన్న ఆ మనిషి ఫొటోలన్నీ కూడా మార్చేయొచ్చు. ఆ మార్పును దిద్దినవాళ్లే మళ్లీ తీసేయాలి.

“ఈ ఒక్కదానికేనా బాబూ, అన్నిటికీ పెట్టీమంటారా?”

“అన్నిటికీ! ఊరంతా చూడాలి.”

నూకరత్నం అలాగే పెట్టింది.

వారం తిరక్కుండా త్రినాథరావు పరుగెత్తుకొచ్చాడు. కూతురి పెళ్లి ఫొటోల్లో ఏడుస్తున్నాడు. ఎన్నికల పోస్టర్లలో ఏడుస్తున్నాడు. గుర్తింపు కార్డులో సైతం వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

“తీసెయ్యమ్మా! జనం నవ్వుతున్నారు.”

నూకరత్నం గోడ మీది సన్యాసి ఫొటో చూపించింది.

“ఈయన మా అన్న. ఈయన కోసం ఒక్క సుక్క నిజంగా రాల్చండి బాబూ. ఇప్పుడే తీసేస్తాను.”

త్రినాథరావు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నులుముకున్నాడు. ఎంతకీ చెమ్మయినా రాలేదు.

షాపు బయట ఫ్లెక్సీలో మాత్రం ధారగా ఏడుస్తూనే ఉన్నాడు.