మెచ్చుకోలు కింద వేలిముద్ర

నన్ను పెద్దక్క అంటారు. అరవై ఎనిమిదేళ్లు. ఇంట్లో నేనూ మనవరాలూ. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వండేదాన్ని.

వంట ఆర్డర్లొస్తాయని మనవరాలు ఉద్యోగస్తుల సైట్‌లో నా పేరు చేర్చి, అందరి పోస్టుల కిందా దానంతటదే పొగడ్తలు రాసే టూల్ తగిలించింది. “రోజుకు ఇరవై పొగడ్తలు దాటనివ్వను అమ్మమ్మా. భద్రమే, ఎవరూ కనిపెట్టలేరు,” అంది.

క్యాంటీన్ మూసేసి మా తొమ్మిదిమందినీ తీసేశానని మేనేజరు అక్కడ గొప్పగా రాసుకున్నాడు. దాని కింద నా పేరుతో, “అభినందనలు సార్, మీరే నాకు స్ఫూర్తి!” థూ!

“మన పొట్ట కొట్టినవాడికి అలా రాయడానికి చేతులెలా వచ్చాయి పెద్దక్కా?” అని క్యాంటీన్‌లో నాతోపాటు గిన్నెలు కడిగే ఆవిడ ఇంటికొచ్చి నిలదీసింది.

ఆ రాత నాది కాదని ఆవిడ ఎదుటే, మనవరాలి చేతే ఈ కాగితం రాయిస్తున్నాను. సంతకానికి పెన్ను అందించబోయి ఆవిడ ఆగిపోయింది.

“నీకు రాయడమే రాదు కదక్కా!”

ఇది నా వేలిముద్ర. మొదటి సాక్షి, గిన్నెలు కడిగే ఆవిడ.