సన్నాయికి విడిచిన దారి

"ఏదీ, నోరు తెరవండి వీర్రాజు గారూ," అన్నారు ఏలీయా మాస్టారు.

రాజోలు సన్నాయి చక్రవర్తి సవినయంగా నోరు తెరిచారు. అందులో ఒక్క పన్నూ లేదు.

"షుగరండి. మొన్న అమలాపురంలో అన్నీ పీకేసేరండి."

"కట్టుడు పళ్ళు?"

"పెడితే ఈల వస్తందండి. తోడి రాగం రాదండి."

చర్చి గాయకుల నాలుగు గొంతుల పాశ్చాత్య గానంపై సన్నాయి తోడిని సింహాసనం ఎక్కించే మహాకృతి కోసం మాస్టారు 1986 నుంచి పన్నెండేళ్ళు తపస్సు చేశారు. ఆ తోడి వీర్రాజు గారి ఊపిరికి కొలిచి రాసినది, మరొకరికి పలకదు. ప్రదర్శన ఈ ఆదివారమే, ఈస్టరునాడు.

మాస్టారు సాధనకొచ్చి నిలబడ్డ గాయకుల వైపు తిరిగారు. చెయ్యెత్తారు. "మీ భాగం మీరు పాడండమ్మా."

పాడారు. పైన ఉండవలసిన రాగం లేదు. గొంతులన్నీ దానికోసం ఆగుతూ, తగ్గుతూ, పక్కకు తప్పుకుంటూ సాగాయి.

ఇన్నాళ్ళూ "మీవాళ్ళు నా పాటకి అడ్డొస్తన్నారండి" అని విసుక్కున్న వీర్రాజు గారు కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఈళ్ళంతా దారిస్తంది నాకాండీ?"

"మొదటినుంచీ మీకేనండి."

ఆయన సన్నాయిని గుడ్డలో చుట్టి ముడి వేశారు.

"ఆయ్. పళ్ళున్నన్నాళ్ళూ వినపడలేదండి."