జానెడు వదులు

పందెంలో పడవ నాలుగోసారి కూడా ఆఖరునే వచ్చింది.

పళ్ళ డాక్టరమ్మ తాడుని జెట్టీ మీదకి విసిరికొట్టి దిగింది. పొద్దున్నుంచీ ఉప్పునీళ్ళలో నాని అరచేతులు భగ్గున మండుతున్నాయి. వెనకాలే దిగిన మరిది తెరచాప మడతపెట్టే పనిలో పడ్డాడు. వదిన కోపంలో ఉన్నప్పుడు పలకరిస్తే మత్తివ్వకుండా పన్ను పీకించుకున్నట్టేనని అతనికి అనుభవం.

అది యాభై ఏళ్ళ నాటి చెక్క పడవ. రెండు తెరచాపలది. నాన్నది. ఆయన రోజుల్లో ఈ రేవులో పందెమంటే ఇంకో పడవ పేరు వినపడేది కాదంటారు. ఆయన మంచాన పడ్డాక అది కూతురి చేతికొచ్చింది. అప్పట్నుంచీ పరువు పోతూనే ఉంది.

ఆమె చిరాకంతా నాన్న మీదే. ఎదురుగాలిలో పడవ మొరాయిస్తోంది, ఏం చెయ్యమంటావని ఎన్నిసార్లడిగినా గోడవైపు తిరిగి పడుకుంటాడు. నీకే తెలుస్తుందిలేమ్మా అంటాడు. కన్నకూతురికి కూడా కిటుకు చెప్పని మనిషి ఉంటాడా అని ఆమె ఉడుకుమోత్తనం.

"తెరచాపని మరీ బిగించేస్తున్నావమ్మా."

తల తిప్పి చూసింది. పడవలు కట్టే ఇనప గుంజ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. మాసిన కోటు, లోతుకుపోయిన బుగ్గలు. మూడు ఆదివారాలుగా అక్కడే కనిపిస్తున్నాడు.

"ఎదురుగాలిలో దీనికి ఊపిరాడదు. తాడు జానెడు వదులు. ముక్కుని కాస్త పక్కకి పోనియ్యి. దారి పెరిగినా పరుగు తీస్తుంది."

అసలే మండిపోతోందేమో, ఆమె ఆయన్ని నిలబెట్టి కడిగేసింది. ఒడ్డున కూర్చుని పాఠాలు చెప్పేవాళ్ళు వారానికొకరు తయారవుతున్నారంది. ఇది ఎవరి పడవో తెలుసా అంది.

తెలుసన్నాడాయన.

"దీంతో మా నాన్న ఎన్నిసార్లు గెలిచారో కూడా తెలుసా?"

"పదకొండు."

తడుముకోకుండా చెప్పాడు. క్లబ్బు గోడ మీది బోర్డు చదివి ఉంటాడనుకుంది.

మొహమాటపడుతూ, ఒక్కసారి తననీ ఎక్కించుకోవడం కుదురుతుందా అని అడిగాడు. ఓ మూల కూర్చుంటాడట. దేన్నీ ముట్టుకోడట.

"ఉన్న బరువుతోనే ఆఖరున వస్తున్నాం. మధ్యలో మీరెందుకండీ?"

ఆయన సరేనన్నట్టు తలూపాడు. వంగి పడవ అంచుని అరచేత్తో ఒకసారి నిమిరి, మెల్లగా వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం పందెం సగమయ్యేసరికి మళ్ళీ అదే వరస. ముందు ఆరు పడవలు, వెనక నీళ్ళు. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

"వదినా, ఇంతకన్నా పోయేదేముంది? ఆ పెద్దాయన చెప్పింది చేసి చూద్దాం."

ఆమె పళ్ళు బిగించి తాడు జానెడు వదిలింది. ముక్కుని పక్కకి పోనిచ్చింది.

పడవ ఒక్క ఊపు ఊగి, ఒళ్ళు విరుచుకున్నట్టు లేచింది. ఒకదాన్ని దాటింది. రెండోదాన్ని దాటింది. గమ్యం చేరేసరికి ముందు ఒక్క పడవే మిగిలింది.

అందరూ వచ్చి చేతులు కలుపుతున్నారు. ఆమె కళ్ళు మాత్రం ఇనప గుంజ దగ్గరే ఉన్నాయి. దాని మీద ఎవరూ లేరు.

పడవలకి రంగులేసే మేస్త్రీని అడిగింది. ఆ ముసలాయన వైద్యానికొచ్చి ఆసుపత్రి ఎదురుగా గది తీసుకున్నాడనీ, మంగళవారం పోయాడనీ, శవాన్ని తీసుకెళ్ళడానికి కూడా ఆసుపత్రివాళ్ళే దిక్కయ్యారనీ చెప్పాడతను.

ఇంటికెళ్ళి నాన్న మంచం పక్కన కూలబడింది. రెండో స్థానం మాట చెప్పబుద్ధి కాలేదు. ముసలాయన సంగతే చెప్పింది. తను అన్న మాటలూ దాచలేదు.

ఎలా ఉంటాడని నాన్న అడిగాడు. చెప్పింది. ఆయన మోచేతి మీద లేచి కూర్చున్నాడు.

"నా గురించి ఏమన్నా అడిగాడా?"

లేదంది. ఒక్కసారి పడవ ఎక్కించుకోమన్నాడంతే అంది.

నాన్న ఈసారి గోడవైపు తిరగలేదు.

"నేను ఆ పడవకి యజమానిని మాత్రమేనమ్మా," అన్నాడు చివరికి, "ఒక్క పందెంలో కూడా చుక్కాని ముట్టుకోలేదు, నడిపిందంతా అతనే."