వినియోగదారుకు నష్టం లేదు

కిలో రాయి పెడితే తొమ్మిది వందల గ్రాములే చూపించే కాటా వల్ల నష్టపోయేది ఎవరు?

తూనికలు, కొలతల కార్యాలయంలో ఈ ప్రశ్న మూడోసారి విచారణకు వచ్చింది. మొదటి రెండుసార్లు అడిగిన పెద్దావిడే మళ్లీ అడుగుతోంది. కార్యాలయం దృష్టిలో మాత్రం ఇందులో ప్రశ్నే లేదు.

కాటా అధికారి బల్ల మీద ఉంది. పరీక్ష కార్యాలయంలోనే జరగాలన్నది నిబంధన కాబట్టి దాన్ని దుకాణం నుంచి తెప్పించారు. దుకాణానికి ఎవరూ వెళ్లలేదు. వెళ్లాలని ఏ నిబంధనలోనూ లేదు.

బల్లకు కుడివైపు దుకాణదారు పెళ్లిపెద్దలా కూర్చున్నాడు. ఎడమవైపు పెద్దావిడ నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

ఆమె ఫిర్యాదు పత్రం సగానికి సగం ఖాళీ. ‘కొన్న సరుకు’ అన్న గడిలో ఏమీ లేదు. ‘కొన్న తేదీ’ లేదు. ‘రసీదు సంఖ్య’ లేదు. ‘మోసం వివరం’ అన్నచోట మాత్రం గుండ్రటి అక్షరాల్లో ఒకే వాక్యం: ‘కాటా కిలోకి వంద గ్రాములు తక్కువ చూపిస్తోంది.’

మొదటి విచారణలో ఆమె పూర్వాపరాలన్నీ చెప్పబోయింది. గడుల్లో పట్టని మాటలు వాంగ్మూలం కావని, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలని అధికారి అప్పుడే ఆపేశాడు. చదువు వచ్చిన మనిషి పత్రాన్ని ఇలా నింపడం ఆయనకు ఆనాడు చిరాకు తెప్పించింది. రెండోసారికి జాలి కలిగింది. ఈసారి ఓర్పు వహించాలని ఇంటి దగ్గరే నిశ్చయించుకుని వచ్చాడు.

ఇవాళ కూడా ఫిర్యాదు వీగిపోతే దస్త్రం మూసేస్తారు. కాటా మీద శాఖవారి ఆకుపచ్చ ముద్ర పడుతుంది. ముద్ర పడ్డ కాటా గురించి ఐదేళ్ల దాకా ఎవరూ నోరెత్తడానికి వీల్లేదు. ఆమె నడిచి వెళ్లగలిగినంత దూరంలో అలాంటి దుకాణం మరొకటి లేదు.

అధికారి కిలో రాయిని కాటా మీద పెట్టాడు. అంకెలు కదిలి, తొమ్మిది వందల దగ్గర నిలిచాయి.

“చూశారా బాబూ,” అంది పెద్దావిడ.

“చూశానమ్మా. తక్కువే చూపిస్తోంది. దుకాణదారు కూడా కాదనడం లేదు.”

“పాత కాటా సార్,” అన్నాడు దుకాణదారు వినయంగా. “ఈ సంగతి నాకూ తెలుసు. బాగుచేయిద్దామనే అనుకున్నాను. వచ్చేవాళ్లంతా మనవాళ్లే కదా, పోనీలే అని ఊరుకున్నాను.”

ఆ గదిలో ఇంత మంచివాణ్ణి చూసి అధికారికి చాలా ఏళ్లయింది. అక్కడికి వచ్చే దుకాణదారులు తూకంరాళ్ల అడుగు తొలిచినవాళ్లు, పళ్లెం కింద అయస్కాంతం అంటించినవాళ్లు.

“అమ్మా, నిదానంగా వినండి. మీరు చక్కెర కోసం వెళ్లారనుకోండి. ఈ కాటా కిలో చూపించాలంటే అతను కిలో కంటే ఎక్కువే పొయ్యాలి. అవునా?”

“అవును.”

“డబ్బు మాత్రం కిలోకే తీసుకుంటాడు. అవునా?”

“చక్కెర లెక్క నాకు తెలుసు బాబూ. నేను చక్కెర గురించి రాలేదు.”

“చక్కెరైనా సబ్బుపొడైనా లెక్క ఒకటేనమ్మా.”

“ఒకటి కాదు. పదకొండేళ్ల నా కష్టంలో పదోవంతు ఈ కాటా తినేసింది.”

మూల కూర్చుని వాంగ్మూలం టైపు చేస్తున్న గుమస్తా చేతులాపింది. “ఆ దుకాణం ఎక్కడో నాకూ చెప్పండి పెద్దమ్మగారూ. వచ్చే నెల నుంచి సరుకులన్నీ అక్కడే తెచ్చుకుంటాను.”

“నీకు ఆ గుమ్మం ఎక్కే అవసరం రాకూడదు తల్లీ,” అంది పెద్దావిడ.

దుకాణదారు కిటికీ వైపు చూశాడు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?” అన్నాడు అధికారి. “తూకంలో పోయేది అతని సొమ్ము. అతనేమో ఏడవడం లేదు.”

“అదే బాబూ నేనూ అంటున్నది. అతనెందుకు ఏడవడం లేదో ఒక్క క్షణం ఆలోచించండి.”

చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నానని అధికారికి అనిపించింది. అయినా ఓర్పు వదల్లేదు. ‘కొన్న సరుకు’ గడి మీద వేలు పెట్టి పత్రాన్ని ఆమె వైపు తిప్పాడు.

“ఇందులో ఒక్క మాట రాయండి. ఏదో ఒకటి. దస్త్రం మూయకుండా ఆపుతాను.”

“అందులో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.”

“మరి నేనేం చేసేది?”

“అక్కడికొచ్చి పావుగంట నిలబడండి. ఆపైన నేను నోరు విప్పక్కర్లేదు.”

“అది నిబంధనల్లో లేదమ్మా.”

అధికారి ముద్రను సిరాలో అద్ది, కాటా నుదుటి మీద గట్టిగా నొక్కాడు. దస్త్రంలో ‘వినియోగదారుకు నష్టం లేదు’ అని రాసి సంతకం చేశాడు. దుకాణదారుతో చేయి కలిపి, ఇలాంటివాళ్లు వీధికొకరుంటే ఈ శాఖే అక్కర్లేదన్నాడు. దుకాణదారు కాటాను పసిబిడ్డలా ఎత్తుకుని మెట్లు దిగాడు. అతనికి దారి ఇచ్చి, పెద్దావిడ వెనక దిగింది.

ఆమెది ఉత్త చాదస్తమని మీకూ అనిపిస్తే, బస్టాండు వెనక వీధిలోకి వెళ్లి, ఆ దుకాణం గుమ్మం మీద ఉన్న బోర్డు మీరే చదవండి: ‘పాత రాగి, ఇత్తడి, ఇనుము మంచి ధరకు కొంటాం.’