నాలుగు గెలుపుల టీమ్

"నాలుగు మ్యాచులు గెలిచినంత మాత్రాన టీమ్ గొప్పదైపోతదా బాబూ?" అన్నాడు జితేందర్. అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు.

అప్పటికే ఆలస్యమైపోయింది. తన టీమ్ జెర్సీ వేసుకుని ఎదురు సోఫాలో కూర్చున్న అద్వైత్ ముఖంలో చిరునవ్వు సగంలో ఆగిపోయింది. వంటింట్లోంచి రేణు తల బయటికి పెట్టి మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి అర్థమేమిటో జితేందర్‌కి బాగా తెలుసు.

అద్వైత్ ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. జితేందర్ కూతురు స్మృతీ, అతనూ కొన్నాళ్ళుగా కలుసుకుంటున్నారు, ఒకరికొకరు నచ్చినట్టే ఉన్నారు. ఇక అమెరికాలోని ప్లేనోలో అమ్మాయి ఇంట్లో శనివారం లంచ్ ఒక్కటే మిగిలింది. అది సవ్యంగా జరిగిపోతే పెళ్ళి మాటలు మొదలుపెడదామని రెండు ఇళ్ళవాళ్ళూ అనుకున్నారు. జితేందర్‌కి కుర్రాడు తెగ నచ్చేశాడు. కూతురు ఒక పట్టాన ఎవరికీ సరే అనే రకం కాదు. ఈ సంబంధం చేజారితే మళ్ళీ ఎన్నాళ్ళకో అని అతని భయం.

మరి ఆ నోటికేం రోగం? చదివిన రోగం. అద్వైత్ తను చదువుకున్న యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కాపర్‌హెడ్స్‌కి వీరాభిమాని అని స్మృతి చెప్పగానే, కాబోయే అల్లుడితో మాట కలపడానికి పనికొస్తుందని జితేందర్ ఆ సీజన్ లెక్కలన్నీ కూర్చుని చదివాడు, ఎంసెట్‌కి చదివినట్టు. ఇంకొకరైతే కోచ్ పేరు తెలుసుకుని ఊరుకుందురు. ఇతను ఆఫీసులో రోజూ డేటాతో కుస్తీ పట్టే మనిషి కదా, లెక్కలన్నీ గ్రాఫులుగా కనిపించే డాష్‌బోర్డ్ కూడా తయారుచేశాడు. చదివిన కొద్దీ టీమ్ డొల్ల అని తేలింది. తేలిన సంగతి కడుపులో దాచుకోవడం అతని వల్ల అయ్యే పని కాదు.

"అదేంటంకుల్, యావరేజ్‌న గేమ్‌కి ఫార్టీ ఎయిట్ పాయింట్స్ కొట్టాం," అన్నాడు అద్వైత్.

అక్కడ ఆగినా బాగుండేది. జితేందర్ లాప్‌టాప్ తెచ్చి టీవీకి తగిలించాడు. కాబోయే అల్లుడికి ఎవరైనా అమ్మాయి చిన్నప్పటి ఫోటోలు చూపిస్తారు. ఇతను అంకెల పివట్ టేబుల్ చూపించాడు.

మొదటి రెండు మ్యాచులూ ఓడిపోవడానికే వచ్చే చిన్నా చితకా కాలేజీలతో అని చెప్పాడు. నాలుగూ సొంత గ్రౌండ్‌లోనే ఆడారని చెప్పాడు. అవతలివాళ్ళు జారవిడిచిన బంతులన్నీ వీళ్ళ ఒళ్ళోనే పడ్డాయనీ, అది ఆట కాదు అదృష్టమనీ, అదృష్టానికి యావరేజ్ కట్టకూడదనీ చెప్పాడు. కాస్తో కూస్తో ఆడే టీమ్ ఒక్కటే ఎదురైతే, దాని మీద ఆఖరి నిమిషంలో బతికి బయటపడ్డారు.

"ఇయ్యాల మొదటిసారి బయటి గ్రౌండ్ల ఆడుతున్నరు. అసలు రంగు ఇప్పుడు తెలుస్తది," అని ముగించాడు.

రేణు పప్పుచెక్కల ప్లేటు టీపాయ్ మీద కాస్త గట్టిగానే పెట్టింది. స్మృతి మాత్రం ఓ మూల కుర్చీలో కాళ్ళు ముడుచుకుని, ఆ పప్పుచెక్కలే నములుతూ కూర్చుంది. తండ్రిని ఆపలేదు, అద్వైత్‌ని ఆదుకోనూ లేదు.

లాప్‌టాప్ తీసేసి మ్యాచ్ పెట్టారు. జితేందర్ చెప్పింది చెప్పినట్టే జరిగింది. హాఫ్‌టైమ్‌కి అవతలివాళ్ళు ఇరవై నాలుగు, కాపర్‌హెడ్స్ మూడు, చిత్తుగా వెనకబడ్డారు. తన లెక్క తప్పితే బాగుండునని జితేందర్ జీవితంలో మొదటిసారి దేవుడికి దండం పెట్టుకున్నాడు.

అద్వైత్ ఫోనొచ్చిందంటూ బ్యాక్‌యార్డ్‌లోకి వెళ్ళాడు. రేణు అందుకుంది. పిల్లాణ్ణి భోజనానికి పిలిచి పెట్టేది ఇదా అంది. ఆ ఫోన్ వాళ్ళమ్మకే అయ్యుంటుందనీ, ఈ సంబంధం వద్దని చెప్పడానికేననీ తేల్చేసింది.

"నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?" అన్నాడు జితేందర్ పీలగా.

"ఆ నిజాలేవో పెళ్ళయ్యాక చెప్పొచ్చుగా."

ఇంతలో అద్వైత్ తిరిగొచ్చాడు. వెళ్ళొస్తానంటాడేమోనని ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. అతను ఈసారి ఎదురు సోఫాలో కాకుండా వచ్చి జితేందర్ పక్కనే కూర్చున్నాడు.

"మీరు చెప్పింది కరెక్టే అంకుల్. మా డిఫెన్స్ చాలా వీక్. కానీ నా టీమ్ కదా, ఓడిపోతే వదిలేయలేను. సెకండాఫ్‌లో మనం ఏం చేస్తే కమ్‌బ్యాక్ చేస్తాం, మీ డేటా ఏమైనా చెప్తుందా?"

మనం అన్నాడు. జితేందర్ గుండె కరిగి నీరైపోయింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని లెక్కలు వేశారు, రిఫరీని కలిసి తిట్టారు, కాపర్‌హెడ్స్ ఎంచక్కా ఓడిపోయారు. ఓడిన టీమ్ జెర్సీతోనే అద్వైత్ భోజనానికి కూర్చుని, గోంగూర మటన్ మారు వడ్డించుకుని, ఆ డాష్‌బోర్డ్ లింక్ తనకీ పంపమని అడిగాడు.

అతను వెళ్ళాక జితేందర్ వంటింట్లో కూతురి పక్కకి చేరాడు. తన నోరు ఊరుకోదని ఒప్పుకున్నాడు. "సారీ బిడ్డా, నీ సంబంధం నేనే చెడగొట్టేటోణ్ణి ఇయ్యాల," అన్నాడు.

స్మృతి ప్లేట్లు డిష్‌వాషర్‌లో సర్దుతున్నదల్లా ఆగి, తండ్రి వైపు చూసి నవ్వింది.

"సారీ ఎందుకు డాడీ? త్రీ మంత్స్ నుంచి నాతో కాఫీ, మూవీ, డిన్నర్, అన్నీ ఈజీ గేమ్సే ఆడాడు. ఒక్క టఫ్ టీమ్ కూడా రాలేదు. సో, కావాలనే నిన్ను గ్రౌండ్‌లోకి దింపాను."