రెండు సీసాలు

"లేబుళ్లు తారుమారు చేశావు," అన్నాడు అన్న, ల్యాబ్ రిపోర్టు బల్లమీద పడేస్తూ. "ఫ్యాక్టరీ కాలువ నీళ్లు శుభ్రంగా ఉన్నాయట. మన ఇంటి బోరు నీళ్లలోనేమో రంగుల్లో వాడే క్రోమియం ఉండాల్సినదానికి పన్నెండు రెట్లట. వింటే నవ్విపోతారు."

చెల్లెలు తల వంచుకుంది. ఇంటి ముందుగదిలో రెండు కుర్చీలు వేసుకుని, ఫ్యాక్టరీలకు పర్యావరణ సలహాలిచ్చే కంపెనీ పెట్టి ఏడాదైంది. నాలుగు వీధుల అవతలున్న రంగుల ఫ్యాక్టరీయే వాళ్లకు దొరికిన మొదటి పెద్ద పని. ఒక సీసాలో ఫ్యాక్టరీ వదిలే నీళ్లు, పోల్చి చూడటానికి మరో సీసాలో ఇంటి నీళ్లు. నింపినచోటే లేబుల్ అతికించాలని అందరికీ పాఠం చెప్పే మనిషి, ఆ రోజు హడావుడిలో ల్యాబ్ గుమ్మంలో నిలబడి అతికించింది.

"మళ్లీ పరీక్ష చేయిద్దాం అన్నయ్యా."

"ఐదింటికల్లా నివేదిక అందకపోతే పని వేరేవాళ్లకు పోతుంది. ల్యాబ్ ఏం చెప్పిందో అదే రాయి."

"తెలిసి తెలిసి అబద్ధం రాయమంటావా? ఆ కాలువ పక్కన ఎన్ని ఇళ్లున్నాయో చూశావుగా."

"మరి మీ వదినకు వైద్యం దేంతో చేయించమంటావు?"

చెల్లెలికి ఫ్యాక్టరీ మేనేజరు గుర్తొచ్చాడు. మర్యాదగా అన్నీ తిప్పి చూపించాడు, తాళం వేసిన ఒక్క షెడ్డు తప్ప. "ఎండిపోయిన బోరండీ, అందులో చూడ్డానికేముంది," అన్నాడు. ఎండిన బోరుకు మోటారు చప్పుడేమిటని, రంగుల తొట్ల దగ్గరనుంచి పైపు ఆ షెడ్డులోకి ఎందుకు పోతోందని ఆమె అడగలేదు. అప్పుడామె కళ్లన్నీ కాలువ మీదే ఉన్నాయి.

లోపలినుంచి వదిన గొంతు వినిపించింది. "నా సీసా నీలిమూత కనబడట్లేదేమే?"

"ఇంటి నీళ్లు పట్టిన సీసాకు మూత దొరక్క అది బిగించా వదినా. కొత్తది తెస్తాలే."

"మీ కంపెనీకి చివరికి నా మూత కూడా కావాల్సొచ్చిందా," అని నవ్వబోయి వదిన నడుము పట్టుకుంది.

ఆరు నెలలుగా ఆమె కిడ్నీలు దెబ్బతింటున్నాయి. కారణం డాక్టరుకే అంతుపట్టలేదు. నీళ్లు మాత్రం బాగా తాగమన్నాడు. ప్లాస్టిక్ క్యాన్లు గడప దాటి రాకూడదని అన్నాచెల్లెళ్ల పంతం కాబట్టి ఆ ఇంట్లో తాగేది బోరు నీళ్లే.

నాలుగున్నరకు చెల్లెలు సంతకం పెట్టింది. ఎవరి గొంతులోనో తన చేత్తో విషం పోసినట్టనిపించింది.

మర్నాడు ల్యాబ్ నుంచి రెండు సీసాలూ అట్టపెట్టెలో తిరిగొచ్చాయి. ఆమె ముందు వదినకు గ్లాసు నిండా నీళ్లిచ్చి, "చుక్క మిగల్చకూడదు," అని దగ్గరుండి తాగించింది. తరవాత తీరిగ్గా పెట్టె విప్పింది.

'ఇల్లు' అని లేబులున్న సీసాకు నీలిమూత ఉంది.